చెయ్యి ఎందుకు లేస్తుంది?



మ్యూనిక్ విమానాశ్రయం నుంచి నగరంలోకి వెళ్ళడానికి రెండు లోకల్ రైళ్ళున్నాయి. చదువుకనో ఉద్యోగానికనో వచ్చే మన పిల్లలు రెండు పెద్ద పెట్టెలు, అందులో అమ్మ సర్దిన పచ్చళ్ళతో మొదట ఎక్కేది వాటిలో ఒకటి. ఎస్8 ఎక్కితే మ్యూనిక్ పొలిమేరలో ఉంటర్‌ఫ్యోరింగ్ అనే స్టేషన్ తగులుతుంది. ఇజార్ నది పక్కన చిన్న ఊరు. కానీ జర్మనీలో ఎన్నో ఇళ్ళలో సాయంత్రాలు నడిచే టీవీ చానళ్ళు కొన్ని ఇక్కడివే. ప్రోజీబెన్ వాళ్ళ కార్యాలయం ఇక్కడే, స్కై వాళ్ళదీ ఇక్కడే, అలియాంజ్ బీమా కంపెనీ భవనాలూ ఇక్కడే. పొద్దున్నపూట ఆ ప్లాట్‌ఫారం మీద దిగే జనంలో ఎక్కువమంది మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుంటుంది.

2017 జూన్ 13, మంగళవారం. ఎనిమిది దాటింది. విమానాశ్రయం వైపు నుంచి వస్తున్న ఎస్8లో 37 ఏళ్ళ మనిషి ఒకడు తోటి ప్రయాణికుడి మీద చెయ్యి చేసుకున్నాడు. ఇద్దరికీ ముందు పరిచయం లేదు, తగాదా లేదు. పోలీసులకు కబురు వెళ్ళింది. ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఇద్దరు పోలీసులు వచ్చారు. ఒకరు 26 ఏళ్ళ యువతి, ఇంకొకరు ఆమె సహచరుడు. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి పేరూ ఊరూ రాసుకుంటున్నారు. పోలీసు ఉద్యోగంలో రోజూ జరిగే పనే. ఉన్నట్టుండి ఆ మనిషి మగ పోలీసును వస్తున్న రైలు మీదికి తోశాడు. పెనుగులాటలో ఆయన పిస్టల్ లాక్కున్నాడు. అందులోని తూటాలు అయిపోయేదాకా కాల్చాడు. ఆ అమ్మాయికి తలలో తగిలింది. దారిన పోతున్న ఇద్దరికి కూడా తూటాలు తగిలాయి. పారిపోబోయి, తనూ గాయపడి, స్టేషన్ దగ్గరలోనే దొరికిపోయాడు. తలలో తూటాతో ఆసుపత్రికి వెళ్ళిన అమ్మాయి కోమాలోకి జారిపోయింది.

ఆ రోజుల్లో యూరప్‌లో ఎక్కడ తుపాకి పేలినా మొదటి ప్రశ్న ఒకటే: ఉగ్రవాదమా? కాదని పోలీసులు కొద్ది గంటల్లోనే తేల్చారు. ఆ మనిషి బవేరియాలో పుట్టినవాడే, అమెరికాలో ఉంటున్నాడు, ముందు రోజే విమానం దిగాడు. మరుసటి ఏడాది మ్యూనిక్ కోర్టులో విచారణ జరిగింది. పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అని మానసిక వైద్య నిపుణులు చెప్పారు. కోర్టు జైలు శిక్ష వెయ్యలేదు, మానసిక చికిత్సాలయంలో ఉంచమంది.

ఇక్కడితో చాలామందికి లెక్క తేలిపోయింది. "ఓహో, పిచ్చివాడా! అదీ సంగతి." పేపరు మడిచి పక్కన పెట్టేశాం. నాకు మాత్రం ఆ తేలిపోవడం మీదే అనుమానం. మనిషి చెయ్యి ఎందుకు లేస్తుందన్నది ఒక ప్రశ్న కాదు. జడ్జి అడిగేది ఒకటి, ప్రయోగశాలలో శాస్త్రవేత్త అడిగేది ఇంకొకటి, పక్కింటివాళ్ళు అడిగేది మరొకటి. ఒకరికి దొరికిన జవాబును తీసుకెళ్ళి ఇంకొకరి ప్రశ్నకు అంటించడం దగ్గర గొడవలన్నీ మొదలవుతాయి. ఈ రాత్రి మీతో మాట్లాడదలచుకున్నది ఆ అంటింపుల గురించే.

ముందు జడ్జిగారి ప్రశ్న చూద్దాం. అది చాలా ఇరుకైన ప్రశ్న. జర్మన్ శిక్షాస్మృతి 20వ సెక్షన్ అడిగేది ఇంతే: చేస్తున్నది తప్పని తెలుసుకునే స్థితిలో, తెలిసినా తనను తాను ఆపుకోగల స్థితిలో ఆ క్షణాన ఈ మనిషి ఉన్నాడా, లేడా? లేకపోతే శిక్ష లేదు. కానీ జనానికి ప్రమాదం ఉందనుకుంటే 63వ సెక్షన్ కింద ఆసుపత్రిలో ఉంచవచ్చు, అదీ ఇన్నేళ్ళని గడువు లేకుండా. ఏడాదికోసారైనా కోర్టు మళ్ళీ పరిశీలించాలి. కాబట్టి "తప్పించుకున్నాడు" అనే మాటలో పెద్దగా పస లేదు. మన దగ్గరా ఇలాంటి నియమం ఉంది. 1860 నుంచి ఐపీసీ 84వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్. ఇంగ్లండ్‌లో 1843లో మెక్‌నాటన్ అనే ఒక నిందితుడి కేసులో పుట్టిన సూత్రమే వీటికి మూలం. అయితే ఈ సెక్షన్లన్నీ ఆ మనిషి బాధ్యుడా కాదా అని తేలుస్తాయి. ఎందుకు చేశాడన్నది వాటి పని కాదు.

ఎందుకన్నది ప్రయోగశాలవాళ్ళు అడిగారు, వంద ఏళ్ళుగా అడుగుతున్నారు. జ్యూరిక్‌లో వాల్టర్ హెస్ అనే ఆయన పిల్లుల మెదడు అడుగున, హైపోథాలమస్ అనే చోట, సన్నని తీగలు దించి కొద్దిపాటి కరెంటు పంపేవాడు. అంతదాకా మూతి తుడుచుకుంటూ కూర్చున్న పిల్లి వెంట్రుకలు నిక్కబొడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి, బుస కొడుతూ పంజా విసిరేది. కరెంటు ఆపితే మళ్ళీ మామూలే. ఈ పనికే 1949లో ఆయనకు నోబెల్ వచ్చింది. తర్వాత 1962లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఇంకో సంగతి బయటపడింది. తీగను కాస్త పక్కకు జరిపితే పిల్లి బుస కొట్టదు, వెంట్రుక కదపదు. నిశ్శబ్దంగా నడుచుకుంటూ వెళ్ళి ఎదురుగా ఉన్న ఎలుక మెడ కొరుకుతుంది. చూసేవాళ్ళకు రెండూ దాడులే. కానీ మొదటిది భయం లోంచి వచ్చింది, రెండోది వేట. మెదడులో వాటి దారులు వేరు.

2011లో కాలిఫోర్నియాలో ఇదే పనిని ఎలుకల్లో ఇంకా సూక్ష్మంగా చేశారు. దాయూ లిన్, డేవిడ్ ఆండర్సన్ అనే ఇద్దరూ, వారి బృందమూ, హైపోథాలమస్‌లో గుప్పెడు కణాలను ఎంచుకుని, కాంతి పడగానే అవి పనిచేసేలా మార్చారు. దీపం వెలగగానే మగ ఎలుక ఎదురుగా ఉన్నదాని మీద పడుతుంది. అది ఇంకో మగ ఎలుకైనా సరే, ఆడదైనా సరే, చివరికి గాలి ఊది బోనులో పెట్టిన రబ్బరు గ్లౌజు అయినా సరే. దీపం ఆర్పితే గ్లౌజును వాసన చూసి పక్కకు పోతుంది. అయితే దీని కంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన వివరం ఇంకొకటి ఉంది. అదే మగ ఎలుక జతకట్టే పనిలో ఉన్నప్పుడు దాడి చేయించే కణాలు అణిగిపోతాయి. అప్పుడు దీపం వెలిగించినా దాడి రావడం కష్టమవుతుంది. ఎలుకంత ఎలుకలో కూడా మీట నొక్కితే పని జరిగిపోదు. అది ఏ సందర్భంలో ఉందో, ఏ ధ్యాసలో ఉందో లోపల లెక్కలోకి వస్తుంది.

ఆ రెండు పిల్లులను మనసులో పెట్టుకుని ప్లాట్‌ఫారం వైపు చూడండి. పారనాయిడ్ స్కిజోఫ్రీనియా ముదిరినప్పుడు మనిషికి చుట్టూ ఉన్న లోకమే శత్రువుగా మారుతుంది. ఎవరో వెంటాడుతున్నారు, చంపడానికి మనుషుల్ని పెట్టారు, ఈ రైల్లో ఎదురు సీటువాడూ వాళ్ళ మనిషే. అది అబద్ధమని మనకు తెలుసు. అతనికి మాత్రం మనకు ఎండ నిజమైనంత నిజం. అలాంటి వాడు ముందుగా దెబ్బ కొడితే అది బయటనుంచి చూసేవాళ్ళకు దాడి, లోపలినుంచి చూస్తే ప్రాణరక్షణ. భయపడ్డ పిల్లి పంజాకు, దీనికి చుట్టరికం ఉంది. లక్షల ఏళ్ళ నాటి పాత ఏర్పాటే పనిచేస్తోంది, కాకపోతే దానికి తప్పుడు కబురు అందుతోంది. ఇప్పుడు ఇందులో జీవశాస్త్రం ఎంత, మనస్తత్వం ఎంత అని విడదియ్యమంటే ఎక్కడని గీత గీస్తాం? రసాయనాలు గతి తప్పకపోతే ఆ నమ్మకం పుట్టదు. ఆ నమ్మకం లేకపోతే రసాయనాలొక్కటే చెయ్యెత్తించలేవు. ఇంకో మాట కూడా ఉంది. రైల్లో అతను విసిరింది పిడికిలి. ప్లాట్‌ఫారం మీద చేతికందిన చోట పిస్టల్ ఉంది. అదే భయం, అదే మనిషి. కానీ ఫలితం వేరు.

మ్యూనిక్ రెండో పిల్లిని కూడా చూసింది. అంతకు పదకొండు నెలల లోపే, 2016 జూలై 22 సాయంత్రం. నగరానికి వాయవ్యంగా ఒలింపియా అనే పెద్ద షాపింగ్ సెంటరు. 18 ఏళ్ళ కుర్రాడు తొమ్మిదిమందిని కాల్చి చంపి, తర్వాత తననూ కాల్చుకున్నాడు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పిల్లలు, పడుచువాళ్ళు. దాదాపు అందరూ వలస వచ్చిన కుటుంబాలవాళ్ళు. ఆ కుర్రాడికి వేధించే గొంతులేవీ వినపడలేదు. ఏడాదికి పైగా ఏర్పాట్లు చేసుకున్నాడు. ఇంటర్‌నెట్ చాటుబజారులో గ్లాక్ పిస్టల్ కొన్నాడు. నార్వేలో 77 మందిని చంపినవాడి ఘాతుకానికి సరిగ్గా అయిదేళ్ళు నిండిన రోజును ఎంచుకున్నాడు. బుస లేదు, వెంట్రుక కదల్లేదు.

ఈ కేసులో అంటింపుల కథ చూడండి. కుర్రాడు బళ్ళో వేధింపులు పడ్డమాట నిజం. మానసిక చికిత్స తీసుకున్నమాటా నిజం. తుపాకులు పేల్చే వీడియో గేములు ఆడేవాడు, అదీ నిజమే. 2017లో దర్యాప్తు ముగించినప్పుడు పోలీసులు వేధింపులకు ప్రతీకారమే ముఖ్య కారణమన్నారు. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. వేధించినవాళ్ళు వేరు, చనిపోయినవాళ్ళు వేరు. వీళ్ళ ముఖం కూడా అతను ఎన్నడూ చూసింది లేదు. మరి వీళ్ళనే ఎందుకు ఎంచుకున్నాడు? ఆ ప్రశ్న మీద నిపుణులూ కుటుంబాలూ పట్టువదలకుండా నిలబడ్డాక, 2019లో బవేరియా పోలీసు శాఖ దీన్ని మితవాద తీవ్రవాద ప్రేరణ ఉన్న నేరంగా నమోదు చేసింది. కోపం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి వేధింపులు పనికొస్తాయి. ఆ కోపం ఎవరి మీదికి తిరిగిందో చెప్పడానికి పనికిరావు. ఎవర్ని అసహ్యించుకోవాలో ఏ కణమూ నేర్పదు. అది మనుషుల దగ్గర నేర్చుకునే విద్య.

నేర్చుకోవడమంటే గుర్తొచ్చింది. టీవీలో చూసి పిల్లలు పాడవుతారా అన్న చర్చకు 1961లో ఆల్బర్ట్ బందూరా స్టాన్‌ఫర్డ్‌లో చేసిన బొమ్మ ప్రయోగం మూలం. పెద్దవాళ్ళు గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లలు అలాగే కొట్టారు, అవే తిట్లు తిట్టారు. అది అనుకరణను బ్రహ్మాండంగా చూపించింది. అక్కడినుంచి టీవీ చూసినవాడు హంతకుడవుతాడనే దాకా వెళ్ళినవాళ్ళు మాత్రం చాలా దూరం గెంతారు. ఊరంతా టీవీ స్టూడియోలున్న ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఆ లెక్కన రోజూ రక్తపాతమే జరగాలి.

మ్యూనిక్‌కు నైరుతిలో, స్టార్న్‌బెర్గ్ సరస్సు ప్రాంతంలో జేవీజెన్ అనే చోట మాక్స్ ప్లాంక్ సంస్థవారి పరిశోధనాలయం ఉంది. బాతు పిల్లలు వెంట నడుస్తుండగా తెల్లగడ్డం పెద్దాయన నీళ్ళలోకి దిగుతున్న ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన కోన్రాడ్ లోరెంజ్. 1961 నుంచి 1973 దాకా అక్కడ డైరెక్టరు, 1973లో నోబెల్ గ్రహీత. 1963లో దూకుడు గురించి ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఆయన సిద్ధాంతం మన వంటింట్లో కుక్కరు లాంటిది. లోపల ఆవిరి దానంతట అదే పేరుకుంటూ ఉంటుంది. విజిల్ రావాలి, లేదంటే పేలుతుంది. అక్వేరియంలో ఒక జాతి మగ చేపకు పోట్లాడటానికి ఇంకో మగచేప లేకపోతే, చివరికి తన జత చేపనే పొడుస్తుందని ఆయన ఉదాహరణ చెప్పాడు. అందుకే మనుషులకు క్రీడలు కావాలి, పోటీలు కావాలి, కోపానికి దారి చూపించాలి అన్నాడు.

వినడానికి ఎంత బావుంటుందో! "మనసులో పెట్టుకోకు, కక్కేసెయ్, తేలికపడతావు" అని మనమూ అంటూనే ఉంటాం. ఇది నిజమా అని 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఆరువందల మంది విద్యార్థుల మీద పరీక్షించాడు. వాళ్ళ వ్యాసాన్ని ఎవరో చెత్తగా ఉందని తిట్టినట్టు చూపించి కోపం తెప్పించాడు. తర్వాత కొందరిని ఆ తిట్టినవాణ్ణి తలుచుకుంటూ ఇసుక సంచిని గుద్దమన్నాడు. కొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నాడు. ఇంకొందరిని ఊరికే కూర్చోమన్నాడు. ఎక్కువ కోపంతో మిగిలింది తలుచుకుంటూ గుద్దినవాళ్ళే. ఊరికే కూర్చున్నవాళ్ళే అందరికంటే నయం. ఆవిరి సిద్ధాంతం మనుషుల దగ్గర ఇలా తేలిపోయింది. అయినా ఇప్పటికీ డబ్బులిస్తే పాత టీవీలు, గాజు సామాను పగలగొట్టనిచ్చే గదులు నగరాల్లో పుట్టుకొస్తూనే ఉన్నాయి. వ్యాపారం చేసేవాడిదేముంది, నమ్మినవాళ్ళున్నంత కాలం నడుస్తుంది.

లోరెంజ్ 1938లో నాజీ పార్టీలో చేరాడన్న సంగతి కూడా చెప్పకుండా దాటెయ్యకూడదు. ఎందుకంటే "అంతా పుట్టుకలోనే ఉంది" అనే మాటకు మ్యూనిక్ చుట్టుపక్కల ఒక చరిత్ర ఉంది. దాని గురించి కాస్త నిదానంగా చెబుతాను.

స్కిజోఫ్రీనియా అని ఇప్పుడంటున్న జబ్బును మొదట వర్గీకరించి పుస్తకాలకెక్కించిన మహా వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్. 1917లో ఆయన మ్యూనిక్‌లో మానసిక వ్యాధుల పరిశోధన సంస్థ స్థాపించాడు. 1931 నుంచి దాని అధిపతి ఎర్న్‌స్ట్ ర్యూడిన్. మానసిక వ్యాధులు కుటుంబాల్లో ఎలా దిగివస్తాయో లెక్కలు కట్టడం ఆయన పని. లెక్కలు కట్టడంలో తప్పేమీ లేదు. కానీ హిట్లర్ అధికారానికొచ్చాక 1933 జూలై 14న ఒక చట్టం చేశారు. స్కిజోఫ్రీనియా, మూర్ఛ, పుట్టు చెవుడు, పుట్టు గుడ్డితనం, విపరీతమైన తాగుడు ఇలాంటివి ఉన్నవాళ్ళకు పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషను చెయ్యొచ్చు. ఆ చట్టానికి అధికారిక వ్యాఖ్యానం రాసిన ముగ్గురిలో ర్యూడిన్ ఒకడు. దాని కింద ఆపరేషన్లు జరిగినవాళ్ళు సుమారు 4 లక్షలమంది.

అక్కడితో ఆగలేదు. ఉంటర్‌ఫ్యోరింగ్ నుంచి ఎంతో దూరం లేదు హార్ అనే ఊరు. అక్కడ ఎగ్ల్‌ఫింగ్-హార్ అనే పెద్ద మానసిక చికిత్సాలయం ఉండేది. 1940 జనవరి 18న అక్కడినుంచి 25 మంది మగ రోగులను బండెక్కించి గ్రాఫెనెక్ అనే చోటికి తీసుకెళ్ళి విషవాయువుతో చంపారు. తర్వాత ఇంకా బళ్ళు వెళ్ళాయి. పిల్లల వార్డులో 300 మందికి పైగా పిల్లలను మందులిచ్చి చంపారు. యుద్ధం చివర్లో కొన్ని వార్డుల్లో కావాలని తిండి తగ్గించి జనాన్ని చంపారు. ఇందులో హింస చేసింది ఎవరు? మంచాల మీద ఉన్నవాళ్ళు కాదు. ఫారాలు నింపినవాళ్ళు, సంతకాలు పెట్టినవాళ్ళు, నాడి బాగా కొట్టుకుంటున్న, రాత్రి ఇంటికెళ్ళి పిల్లలతో భోంచేసిన ఆరోగ్యవంతులు. వాళ్ళ హైపోథాలమస్‌లో ఏ దీపమూ వెలగలేదు. మనిషి చేసే అతి పెద్ద హింసకు కోపం అక్కర్లేదు. దూకుడు గురించిన పుస్తకాలు చాలావరకు తప్పించుకు తిరిగే విషయం ఇదే.

మరి జన్యువుల మాట ఉత్తదేనా? ఉత్తది కాదు. 1993లో నెదర్లాండ్స్‌లో హాన్ బ్రునర్ అనే వైద్యుడు ఒక కుటుంబాన్ని పరిశీలించాడు. అందులో కొందరు మగవాళ్ళు చిన్న మాటకే విరుచుకుపడేవాళ్ళు. మెదడులో సెరటోనిన్ లాంటి పదార్థాలను విరగ్గొట్టే ఒక ఎంజైము వాళ్ళలో పనిచెయ్యడం లేదని తేలింది. ఎంఏఓఏ అనే జన్యువులో లోపం. తర్వాతి కాలంలో పత్రికలు "యోధుల జన్యువు" అని పేరు పెట్టేశాయి. అయితే అలా పూర్తిగా చెడిన జన్యువు ఉన్న కుటుంబాలు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. మామూలు జనంలో చాలామందికి ఉండేది, ఆ జన్యువు కాస్త మందంగా పనిచేసే రకం. న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో పుట్టినప్పటినుంచీ గమనిస్తూ వచ్చిన మగపిల్లల్లో 2002లో చూస్తే, ఆ మందపు రకం ఉన్నంత మాత్రాన ఏమీ కాలేదు. చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు, హింస అనుభవించినవాళ్ళకు ఆ రకం కూడా తోడైతేనే పెద్దయ్యాక హింస ఎక్కువ కనిపించింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో కొన్ని దీన్ని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు. 2009లో ఇటలీలో త్రియెస్తె నగరపు అప్పీలు కోర్టు మాత్రం ఒక హంతకుడికి ఇలాంటి జన్యు పరీక్షను కూడా లెక్కలోకి తీసుకుని ఏడాది శిక్ష తగ్గించింది. ప్రయోగశాల జవాబును న్యాయస్థానం ప్రశ్నకు అంటించడమంటే ఇదే. అదే జన్యువు చూపించి "వీడు ఎప్పటికీ ప్రమాదమే, ఇంకో ఏడాది పెంచండి" అని ఎదుటి లాయరు అడిగితే ఆ జడ్జి ఏం చెప్పేవాడో!

హార్మోన్ల మాటకొస్తే, మగతనపు హార్మోను టెస్టోస్టెరాన్ ఎక్కువైతే పోట్లాటలని అందరి నోటా వినే మాట. 2009 డిసెంబరులో జ్యూరిక్ పరిశోధకులు ఒక తమాషా ఫలితం ప్రకటించారు. నూటఇరవై మంది ఆడవాళ్ళలో కొందరికి టెస్టోస్టెరాన్, కొందరికి ఉత్తి మందు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పకుండా డబ్బు పంచుకునే ఆట ఆడించారు. నిజంగా హార్మోను పుచ్చుకున్నవాళ్ళు ఎదుటివారికి ఎక్కువ న్యాయంగా పంచారు. "నాకు టెస్టోస్టెరాన్ ఇచ్చారు" అని అనుకున్నవాళ్ళు మాత్రం, ఇచ్చినా ఇవ్వకపోయినా, పిసినారితనం చూపించారు. హార్మోను కంటే హార్మోను గురించి విన్న కథ గట్టిగా పనిచేసిందన్నమాట.

కథల గురించి మన తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర, మధ్యలో ఇంకెన్నో. సీమ అంటే నాటుబాంబు, సుమో, గాల్లోకి లేచే వేటకొడవలి. ఆ గడ్డ నీళ్ళలోనే పౌరుషం ఉందని మనం హాల్లో ఈలలు వేసి మరీ ఒప్పుకున్నాం. కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఫ్యాక్షన్ లేదని కాదు, ఎన్నో కుటుంబాలు నాశనమయ్యాయి. కానీ హక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ లాంటివాళ్ళు దాని గురించి రాసినప్పుడు ఊరి మీద పెత్తనం, కాంట్రాక్టులు, ఎన్నికల రాజకీయం గురించి రాశారు. రక్తం గుణం గురించి రాయలేదు.

ఇలాంటి పౌరుషం మీదే 1996లో అమెరికాలో రిచర్డ్ నిస్బెట్, డవ్ కోయెన్ అనే ఇద్దరు మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. ఇరుకు నడవాలో విద్యార్థి నడిచి వెళుతుంటే ఎదురొచ్చినవాడు భుజంతో ఢీకొట్టి, ఒక బూతు మాట అనేసి గదిలోకి పోతాడు. ఉత్తరాది కుర్రాళ్ళు చాలావరకు నవ్వుకుని ఊరుకున్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో పెరిగిన కుర్రాళ్ళకు మాత్రం ఒళ్ళు మండింది. నోటి ఉమ్ము తీసి పరీక్షిస్తే వాళ్ళలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, టెస్టోస్టెరాన్ పెరిగాయి. ఇదే వరుసలోని ఇంకో పరీక్షలో, నడవాలో ఎదురుగా ఆరడుగుల పైన, భారీ మనిషి ఒకడు నడిచి వస్తాడు. ఇద్దరిలో ఒకరు పక్కకు తొలగాలి. ఏ అవమానమూ జరగని దక్షిణాది కుర్రాళ్ళు తొమ్మిదడుగుల దూరంలోనే మర్యాదగా పక్కకు జరిగారు. ఉత్తరాదివాళ్ళ కంటే మర్యాదస్తులు. తిట్టు తిన్నవాళ్ళు మూడడుగుల దగ్గరకు వచ్చేదాకా కదల్లేదు. ఒక ప్రాంతపు పరువు పద్ధతి, ఒక తిట్టు, ఒక హార్మోను, ఒక నడక. అన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. ఇందులో ఏది జీవశాస్త్రం, ఏది మనస్తత్వం అని విడగొట్టడానికి నాకు మాత్రం చేతకాదు.

ఇక పక్కింటివాళ్ళ ప్రశ్న. "మానసిక రోగులు ప్రమాదకరమా?" ఉంటర్‌ఫ్యోరింగ్ లాంటి ఘటన జరిగినప్పుడల్లా ఇది లేస్తుంది. తీవ్రమైన మానసిక వ్యాధి, అందులోనూ చికిత్స లేకుండా, తాగుడో మత్తుపదార్థాలో తోడైతే, హింస జరిగే అవకాశం పెరుగుతుంది. దాన్ని దాచనక్కర్లేదు. కానీ స్వీడన్‌లో దేశం మొత్తం రికార్డులు తీసి 2006లో లెక్కగట్టిన అధ్యయనంలో, హింసాత్మక నేరాల్లో తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవాళ్ళ వాటా 5 శాతం చిల్లర. అంటే ఇరవైలో ఒకటి. మిగతా పందొమ్మిదీ మనలాంటివాళ్ళవే. మన దేశంలో నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022లో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. కారణాల్లో మొదటి స్థానం తగాదాలది, 9,962. తర్వాత పాత పగలు, 3,761. గట్టు తగాదా, డబ్బు తగాదా, ఇంట్లో తగాదా. పేపర్లో మొదటి పేజీకెక్కేది ప్లాట్‌ఫారం మీద తుపాకి. రోజూ మనుషుల్ని మింగేది గట్టు మీద పార.

పోనీ, తగాదాపడటం మనిషి నైజం అనుకుందామా? యూరప్ ఊళ్ళ పాత కోర్టు పుస్తకాలు తిరగేసి మాన్యుయల్ ఐస్నర్ అనే పరిశోధకుడు హత్యల లెక్కలు తీశాడు. మధ్యయుగాల చివర్లో చాలాచోట్ల ఏటా లక్షమందికి ఇరవై నుంచి నలభై హత్యలు. ఇప్పుడు జర్మనీ లాంటి దేశాల్లో లక్షకు ఒకటి కూడా లేదు. అయిదారువందల ఏళ్ళలో మనిషి మెదడు మారిపోదు, జన్యువులూ మారవు. అదే హైపోథాలమస్‌తో బవేరియా పల్లెల్లోని సారాయి కొట్లలో కత్తులు దూసేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళ మునిమునిమనవలు అక్టోబరు పండగలో లీటరు గ్లాసులు తాగి, మహా అయితే గ్లాసు విసురుకుంటున్నారు. కోర్టుకెళ్ళితే న్యాయం దొరుకుతుందన్న నమ్మకం పెరిగిందా, చదువు పెరిగిందా, నడుముకు కత్తి కట్టుకుని తిరగడం పోయిందా అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నా ఓటు మొదటిదానికి. గట్టు తగాదా తహసీల్దారు దగ్గర ఆరునెలల్లో తేలితే పార పట్టుకోవలసిన అవసరం తగ్గుతుంది. ముప్పై ఏళ్ళు నలిగితే తండ్రి కోపం కొడుక్కి ఆస్తిలా వస్తుంది.

చివరగా, ఇంటికి దూరంగా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక్క విషయం. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు ఎక్కువగా బయటపడేది ఇరవైల్లో. సరిగ్గా పిల్లలు విదేశం వెళ్ళే వయసులో. సైకోసిస్ (నిజమేదో భ్రమేదో తెలియని స్థితి) ఉన్నవాళ్ళు చేసిన హత్యలను అనేక దేశాల్లో పరిశీలిస్తే, అయిదింట రెండు వంతులు మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే జరిగాయి. మందు మొదలయ్యాక ఆ ప్రమాదం బాగా తగ్గింది. హింస దాకా ఎందుకు, ఈ జబ్బున్నవాళ్ళు ఎదుటివాళ్ళకు చేసే హాని కంటే వాళ్ళు పడే హానే ఎక్కువ. అబ్బాయి ఫోను ఎత్తడం మానేశాడు, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, రూమ్మేట్లు తన మీద కుట్ర చేస్తున్నారంటున్నాడు అనుకోండి. "చలికి అలా ఉంటుందిలే, పెళ్ళి చేస్తే సర్దుకుంటుందిలే" అని ఊరుకోకండి. అతనితో వాదనకు దిగి నీదంతా భ్రమ అని నిరూపించడానికి చూడకండి. నిద్ర పట్టడం లేదు కదా, డాక్టరుకు చూపిద్దాం అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. బవేరియాలో ఉన్నవాళ్ళకు రాత్రీ పగలూ పనిచేసే మానసిక సంక్షోభ సహాయ కేంద్రం ఉచిత నంబరు 0800 655 3000. మన దేశంలో టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.